మూడు మొగ్గల కొన

ఆ ఆర్కిడ్ కుండీని నా చేతుల్లో పెడుతూ అక్క చెప్పింది ఇంతే. "వారానికోసారి కుండీని నీళ్ళలో పది నిమిషాలుంచి తీసెయ్. అంతకుమించి ఏమీ చెయ్యకు. ఒరేయ్ బుడ్డోడా, నీకే చెప్తున్నా. ఏమీ చెయ్యకు."

నాకు నలభయ్యారేళ్ళు. మీసం సగం నెరిసింది. అయినా అక్కకి నేనింకా బుడ్డోణ్ణే. వంటింట్లోంచి మా ఆవిడ నవ్వింది. ఏమీ చెయ్యకుండా ఉండడమొక్కటే ఈ మనిషికి చేతకాదని ఆ నవ్వుకి అర్థం. నాకు ఒళ్ళు మండింది.

అక్క రంగుల దుకాణంలో పని చేస్తుంది. గోడ పెచ్చు ఊడినదో, పాత తలుపు చెక్కో తెచ్చి చూపిస్తే చాలు, నాలుగు డబ్బాలు ముందేసుకుని చుక్కచుక్కగా కలిపి అచ్చం అదే రంగు తీసి ఇస్తుంది. దుకాణంలోకి కంప్యూటర్ మిషన్ వచ్చి ఆరేళ్ళయినా, అది తికమక పడ్డప్పుడల్లా అక్కనే పిలుస్తారు. అలాంటి మనిషికి కళ్ళజబ్బు వచ్చింది. లోపల ఒత్తిడి పెరిగి కుడికన్ను రెండేళ్ళ క్రితమే పోయింది. మిగిలిన ఎడమకన్ను కూడా అంచుల్నుంచి మూసుకొస్తోంది. దానికి ఆపరేషన్ చేయించుకోడానికి రాత్రంతా రైల్లో కూర్చుంటే గాని చేరని పెద్దాస్పత్రికి బయల్దేరింది. నెల రోజుల్లో వచ్చేస్తానంది.

ఆ మొక్క ఏడాదికి ఒక్కసారి పూస్తుంది. పువ్వు రంగు ఎరుపందామంటే ఎరుపు కాదు, ఊదా అందామంటే ఊదా కాదు. ఫోటో తీస్తే వేరే రంగు పడుతుంది. తొమ్మిదేళ్ళుగా అది పూసినప్పుడల్లా అక్క ఆ రంగు కలపాలని చూస్తోంది. ప్రతిసారీ "దగ్గరికొచ్చింది గాని ఇది కాదు" అని రంగు పూసి చూసిన అట్టముక్క పక్కన పడేస్తుంది. ఊళ్ళో గోడల రంగులన్నీ పట్టేసిన చేతికి ఆ ఒక్క పువ్వు దొరకలేదు.

"ఈ ఏడు పట్టేస్తాన్రా. కన్నుండగా ఈ ఒక్కటీ అయిపోవాలి" అంది వెళ్ళే ముందు. అప్పటికి పూలకాడకి మూడు మొగ్గలున్నాయి, శనగగింజలంతవి.

ఇక నా సంగతి. నేను పళ్ళ సెట్లు తయారు చేస్తాను. పళ్ళ డాక్టర్లు రోగి నోటి అచ్చు తీసి నా పనిగదికి పంపుతారు. ఆ అచ్చు ఆరిందంటే కుంచించుకుపోతుంది, సెట్టు నోట్లో కూర్చోదు. అందుకని వచ్చిందాన్ని వచ్చినట్టు తడిగుడ్డలో చుట్టి ఉంచాలి. ఇరవై రెండేళ్ళుగా ఏది చూసినా తడి ఆరిపోతుందేమోనన్న దిగులే నాకు. అక్క మొక్క ఆకులు ముట్టుకుంటే పొడిగా తగిలాయి. నా చెయ్యి ఊరుకోలేదు. పొద్దునా సాయంత్రమూ నీళ్ళ స్ప్రే కొట్టాను. ఆకులు నిగనిగలాడుతుంటే ముచ్చటేసి ఇంకాస్త కొట్టాను.

మూడోవారంలో ఒక పొద్దున కొత్త ఆకు పుట్టే నడిమి మొవ్వు నల్లబడి కనబడింది. వేలితో తాకితే చిన్న ఆకు మొదలంటా ఊడి చేతికొచ్చింది. కుళ్ళిన వాసన. నీళ్ళు ఆ గుంటలో నిలిచి మొవ్వు కుళ్ళిపోయింది.

కుండీ సంచిలో పెట్టుకుని మొక్కలమ్మే ఆయన దగ్గరికి పరిగెత్తాను. ఆయన కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని చూశాడు.

"దీనికి మురికి పట్టిందని స్నానాలు చేయించారా ఏంటండీ? మొవ్వు పోయింది. ఇంక కొత్త ఆకు పుట్టదు. పాత ఆకులతో కొన్ని నెలలు లాగుతుంది, అంతే."

"ఏమీ చెయ్యలేమా?"

"పూలకాడ పచ్చగానే ఉంది. కణుపులున్నాయి చూడండి, వాటి మీద పొర ఒలిచి హార్మోన్ పేస్ట్ రాస్తే పిల్లమొక్కలు రావచ్చు. కాకపోతే మొగ్గలు కోసెయ్యాలి. మొక్కకున్న కాస్త బలం మొగ్గలే లాగేస్తాయి. పూలూ కావాలి, పిల్లలూ కావాలంటే ఇది ఇచ్చే స్థితిలో లేదు. మొగ్గలు వదిలేస్తే మాత్రం పదిరోజుల్లో పూస్తాయి. పూసి, దాంతోపాటే పోతుంది."

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. మొక్కని ఒకసారి, నన్నొకసారి చూసింది.

"వదినకి ఫోన్ చెయ్యండి. మొక్క ఆవిడది. పువ్వు కావాలో పిల్ల కావాలో ఆవిడే చెప్తుంది."

"ఆపరేషనై నాలుగురోజులు కాలేదు. ఇప్పుడు కంగారు పెట్టమంటావా?"

"కంగారు ఆవిడకా, మీకా?"

మా ఆవిడతో వచ్చిన చిక్కే అది. ఎక్కడ నొప్పో సరిగ్గా అక్కడే వేలు పెడుతుంది. నేను నా పనిగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

గొప్పలు చెప్పుకోవడం కాదుగాని చేతిపనిలో నాకు వంక పెట్టేవాడు లేడు. పళ్ళ మైనం చెక్కే సన్నకత్తిని మంటలో కాల్చి చల్లార్చాను. మొవ్వులో కుళ్ళంతా తవ్వి తీసి, మళ్ళీ కుళ్ళకుండా దాల్చినచెక్క పొడి అద్దాను. పూలకాడకి కింద మూడు కణుపులున్నాయి. ఒక్కోదాని మీద కాగితమంత పలచని పొర. దాని కింద పచ్చని బుడిపె, చీమ తలంత. పొరని చుట్టూ గీసి, బుడిపెకి గాటు పడకుండా ఒలిచాను. మొక్కలాయన దగ్గర కొన్న పేస్ట్ పుల్లతో ఆవగింజంత రాశాను. ఆఖరున పైన మూడు మొగ్గలున్న కొనని ఒక్క కోతతో తీసేశాను. పెద్ద మొగ్గ అప్పటికే రంగు తిరిగింది. కొన తీసుకెళ్ళి సున్నపుపొడి ఉన్న చెత్తడబ్బాలో వేశాను.

అక్క వారానికోసారి ఫోన్ చేసేది. కంటి సంగతి రెండు మాటల్లో తేల్చేసి "మొగ్గలెలా ఉన్నాయి?" అనేది.

"ఉన్నాయక్కా."

"విచ్చాయా?"

"ఇంకా లేదు. ఈసారి చలెక్కువ కదా, ఆలస్యమవుతోంది."

నోటికొచ్చింది చెప్పాను. ఆవల తలుపు దగ్గర మా ఆవిడ బట్టలు మడతపెడుతూ ఉండేది. "గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకుంటున్నారు" అందొకరోజు.

కంట్లో ఒత్తిడి దిగలేదని ఆరోవారంలో అక్కకి రెండో ఆపరేషన్ చేశారు. చూడ్డానికి వెళ్ళాను. అరటిపళ్ళు, ఒక శాలువా పట్టుకెళ్ళాను. కిటికీ వైపు మంచం. ఎడమకంటికి ప్లాస్టిక్ మూత ఉంది. దాన్ని తీసి నర్సు చుక్కలు వేసి వెళ్ళాక, అక్క నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుని చూసింది.

"ఇది బూడిదరంగు చొక్కా కాదు. ఆకుపచ్చ కలిసిన బూడిద. అవునా?"

"అవునక్కా."

"ఇంకా పట్టుకోగలుగుతున్నా. ఎదురుగా, దగ్గరగా పెడితే." గొంతు తగ్గించింది. "చూపు ఆరునెలలు నిలిస్తే గొప్పన్నాడు డాక్టరు. నాకు ఆరునెలలెందుకు? పువ్వు ముందు ఒక్క పూట కూర్చుంటే చాలు. విచ్చాయా?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. మంచమ్మీద మనిషికి చెడ్డవార్త ఏం చెప్తామని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. "నువ్వొచ్చాక నువ్వే చూడు" అన్నాను. అబద్ధం కాదన్నమాట. రైల్లో ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకుంటూ వచ్చాను, సిగ్గులేకుండా.

తిరిగొచ్చేసరికి రెండు కణుపులు ఉబ్బి ఉన్నాయి. మూడోది ఎండిపోయింది. ఇంకో పదిరోజులకి రెండింటికీ చిలకముక్కులా చెరో ఆకుకొన బయటికొచ్చింది. ఈలోగా కింద తల్లి ఆకులు ఒకటొకటే పసుపెక్కి రాలుతున్నాయి. ఆరుండేవి నాలుగయ్యాయి, తర్వాత మూడు. పనిగదిలోకి వెళ్ళే ముందు పిల్లమొక్కలకి వేళ్ళు వచ్చాయా అని చూడటం, బయటికొచ్చాక తల్లికి ఎన్ని ఆకులు మిగిలాయో చూడటం. వేళ్ళు రాకుండానే తల్లి పోతే అన్నీ పోయినట్టే. అన్నం సయించేది కాదు. ఒక డాక్టరుకి కింది దవడ సెట్టు పైదవడ కొలతల్తో చేసి పంపి మాటపడ్డాను.

మూడునెలలు దాటాక వేళ్ళు వచ్చాయి, వెండిరంగులో, పచ్చని కొసల్తో. బొటనవేలంత పొడుగయ్యేదాకా ఓపిక పట్టి, కాడతో సహా కోసి, తడి నాచు పరిచిన రెండు చిన్న కుండీల్లో పెట్టాను. అప్పటికి తల్లికి ఒక్క ఆకు మిగిలింది. ఆ వారమే అదీ పోయింది. నేను మాత్రం గెలిచినవాడిలా తిరిగాను. ఒకటి అప్పజెప్తే రెండు తిరిగిస్తున్నాను కదా అనుకున్నాను.

నెలన్న అక్క నాలుగోనెలలో వచ్చింది. గడప దగ్గర కాలితో తడుముకుని లోపలికొచ్చింది. సంచీ దించకముందే "ఎక్కడుంది?" అంది.

కిటికీ దగ్గర కుర్చీ వేసి రెండు కుండీలూ ముందు పెట్టాను. ఒకదాన్ని ఎత్తి కంటికి ఆనించినంత దగ్గరగా పట్టుకుంది. వేళ్ళతో ఆకులు తడిమింది. రెండాకులు, మూడో ఆకు మొలక.

"ఇది నా మొక్క కాదే."

చెప్పాను. స్ప్రే దగ్గర్నుంచీ మొదలుపెట్టి చెప్పాను. మధ్యలో నా చేతిపని గురించి కూడా చెప్పాను, ఆ పొర ఎంత పలచనిదో, గాటు పడకుండా ఎలా ఒలిచానో. మా ఆవిడ కళ్ళతోనే ఆపమంది. ఆపాను.

"ఇవెప్పుడు పూస్తాయి?" అంది అక్క.

"రెండేళ్ళకి. మూడేళ్ళు కూడా పట్టొచ్చు."

అక్క కుండీని జాగ్రత్తగా కిందపెట్టింది. నేను మొక్కని బతికించాను. అక్కకి కావలసింది మాత్రం నా చేత్తో నేనే కోసేశాను. ఆ సంగతి నాకు అన్నాళ్ళూ తెలియకపోలేదు, తెలిసే పక్కకి తోసేశాను.

"కోసినప్పుడు రంగు తిరిగాయా మొగ్గలు?"

"పెద్దది తిరిగింది."

"ఏం చేశావు వాటిని?"

"పడేశాను."

"పారేశావా!" మొదటిసారి గొంతు లేచింది. "ఒక గ్లాసులో నీళ్ళు పోసి పెట్టలేకపోయావురా? రంగు తిరిగిన మొగ్గ కోసినా నీళ్ళలో విచ్చుకుంటుంది. రెండోది కూడా విచ్చేదేమో. ఆస్పత్రికి వచ్చినప్పుడు చేత్తో పట్టుకొచ్చేవాడివి. నాకు కన్నుంది అప్పటికి. నీ చొక్కా రంగు చెప్పాను కదరా!"

అప్పుడు తెలిసింది నాకు. పువ్వా, పిల్లా అని ఎంచుకోవలసిన అవసరమే లేదు. పావుగ్లాసు నీళ్ళతో రెండూ దక్కేవి. మొక్కలమ్మే ఆయనకి తట్టలేదు, ఇంత పనిమంతుడిని నాకూ తట్టలేదు. అక్క ముందు నేలమీద కూర్చుండిపోయాను.

"నాకు తెలీదక్కా."

"నీకు తెలీదు. నాకు తెలుసుగా. ఫోన్ పక్కనే ఉందిగా."

"తిడతావని భయమేసింది."

అక్క నా తల కోసం చెయ్యి చాపింది. ముందు కుర్చీ చేతికి తగిలింది, తర్వాత నా చెవి దొరికింది. దాన్ని చిన్నప్పటిలా గట్టిగా పట్టుకుంది.

"తిట్టేదాన్నేరా వెధవా," అంది. "తిట్టాక, చెప్పేదాన్ని."