లారీలు ఆగని చోటు

మైలవరం రోడ్డులో, కొండపల్లి దాటాక వచ్చే దిగుడులో, గంగారత్నం భోజనాల పాక పన్నెండేళ్లు నడిచింది. లారీలు రోడ్డు అంచునే బారులు తీరేవి. డెబ్బై ఆరులో ఒక బస్సు ఆగివున్న లారీని రాసుకుపోయింది. దాంతో పైవాళ్లకు మెలకువ వచ్చింది.

"రోడ్డంచున ఆపకూడదమ్మా. అరమైలు అవతల లారీల కోసమే స్థలం తయారుచేయించాం. పాక అక్కడికి మార్చుకో," అన్నాడు ఓవర్సీరు వెంకటప్పయ్య.

మార్చక చస్తుందా? మార్చింది. స్థలం బాగానే ఉంది. కంకర పోశారు, చేతిపంపు వేశారు, చుట్టూ రాళ్లకు సున్నం కొట్టారు. ఇక చదును సంగతి ఓవర్సీరు నోటనే వినాలి. "అంచుదాకా నీళ్లు పోసి గ్లాసు పెట్టు. చుక్క తొణికితే నా పేరు మార్చుకుంటా!"

వారం గడిచింది. వండిన అన్నం వండినట్టే ఉంది. లారీలు పాత దిగుడులోనే ఆగి, ఆమె పాక ముందు మాత్రం హారన్ కొట్టి మరీ పోతున్నాయి. గంగారత్నానికి పొయ్యి ఆరితే ఇక మిగిలేది మైలవరంలో అన్నగారి ఇల్లు, వదిన చేతికింద చాకిరీ.

ఎనిమిదో రోజు దిగుడుకు నడిచివెళ్లింది. డ్రైవరు హనుమయ్య లారీ నీడన బన్ను నములుతున్నాడు.

"ఏం తమ్ముడూ, పదేళ్లు తిన్న పులుసు ఇప్పుడు చేదయిందా?"

"అదేం మాటక్కా! బండి స్టార్టు చేసే సెల్ఫు చచ్చి ఆర్నెల్లయింది. ఇక్కడైతే బ్రేకు వదిలితే బండే దొర్లుద్ది, గేరేస్తే స్టార్టయిద్ది. ఆ చదునులో ఆపితే తొమ్మిది టన్నుల బియ్యం ఎవడు తోస్తాడు? అందరి బళ్లూ ఇంతే."

లారీలు అలా దొర్లుతూ బయల్దేరడం ఆమె పన్నెండేళ్లుగా రోజూ చూసిందే. అయినా తన చేతివంట కోసమే ఆగుతున్నారనుకుంది. సిగ్గేసింది.

ఓవర్సీరుకు చెబితే ఇంతెత్తున లేచాడు. "వంట చేసుకునేదానివి, నాకు లెవెలు నేర్పుతావా? రేపు పెద్ద ఇంజినీరుగారు చూట్టానికొస్తున్నారు!"

ఇంజినీరుగారు వచ్చారు, చూశారు, మెచ్చుకుని జీపెక్కారు. జీపు దగ్గి ఊరుకుంది. మళ్లీ దగ్గింది. వెంకటప్పయ్య చొక్కా చేతులు మడిచి వెనకనుంచి తోశాడు. చెమటలు కారాయి గానీ జీపు కదల్లేదు. గంగారత్నం గరిటె పక్కన పెట్టి తనూ ఒక చెయ్యి వేస్తే అప్పుడు కదిలి స్టార్టయింది.

"జీపు గనక సరిపోయింది బాబుగారూ," అంది.

ఓవర్సీరు పది రోజుల్లో ఒక పక్క మట్టి పోయించి వాలు చేయించాడు.

ముందుగా వచ్చింది హనుమయ్యే. లారీ ముక్కు పల్లానికి పెట్టి, వచ్చి ఆకు ముందు కూర్చున్నాడు.

"నిజం చెప్పు తమ్ముడూ. పులుసు బాగుంటుందా?"

హనుమయ్య మారు పోయించుకుని కలుపుకున్నాడు. "ఈ రోడ్డులో దిగుళ్లు ఇంకో నాలుగున్నాయక్కా," అన్నాడు.