రంగు ఆరేలోపు

తలకు రంగు పెట్టించుకుంటున్న మగాడు ఎక్కడికీ లేచి వెళ్లలేడు. భర్త చెవుల పక్కన తెల్లవెంట్రుకలు తొంగిచూసిన ఏడాదే ఆమె ఈ సత్యం కనిపెట్టింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఏ పెద్ద మాటైనా నెలకో ఆదివారం, స్నానాలగది గుమ్మంలో వేసిన ప్లాస్టిక్ స్టూలు మీదే తేలేది. కళ్లద్దాల దుకాణంలో ఆమె ఉద్యోగం, బట్టలుతికే మిషను, అన్నీ అక్కడే గట్టెక్కాయి. మెడచుట్టూ పాత తువ్వాలు, నెత్తిన నల్లటి ముద్ద, అరగంటసేపు కదలడానికి లేదు. వినక ఏం చేస్తాడు పాపం!

ఆయన కారు నడపడం నేర్పుతాడు. నేర్చుకునేవాళ్ల పక్కసీట్లో ఆయన కాలికింద ఇంకో బ్రేకు ఉంటుంది. ఇంట్లోనూ ఒకటి ఉందని ఆమె గట్టి నమ్మకం.

ఈసారి మాట కూతురి గురించి. పదమూడేళ్ల పిల్ల, ఒకచోట నిలవదు కాబట్టి అందరికీ పిచ్చుక. గర్భాశయ ముఖద్వారానికి క్యాన్సర్ రాకుండా దానికి టీకా వేయించమని డాక్టరమ్మ చెప్పింది. నిన్న భోజనాల దగ్గర ఆమె ఈ సంగతి కదిపింది. ఆ క్యాన్సర్ తెచ్చే వైరస్ ఎలా అంటుకుంటుందో అత్తగారు ఎక్కడో విన్నారట. పెళ్లీ పెటాకులూ లేని పిల్లకి అలాంటి సూదేమిటి, నలుగురూ వింటే నోటితో నవ్వుతారా అని కంచం ముందునుంచి లేచి వెళ్లిపోయారు. ఆయన మాట్లాడలేదు. బ్రేకు మీద కాలు పెట్టాడు, అంతే.

వీళ్లకి చెప్పడం ఎలా? రెండేళ్ల కిందట ఆమెకే ఆ జబ్బు తొలిమెట్టులో బయటపడింది. క్యాన్సర్‌గా మారబోయే కణాలను చిన్న ఆపరేషన్ చేసి తీసేశారు. అడిగినవాళ్లందరికీ ఆయన ‘కడుపులో చిన్న గడ్డ’ అని చెప్పాడు. ఆ రోజుల్లో జావ కాచి, ఊదిఊది చల్లార్చి, చెంచాతో తాగించిందీ ఆయనే. ఆ ప్రేమ అబద్ధం కాదు. అసలు సంగతి తెలిసిన అత్తగారు మాత్రం పక్కింటావిడతో, గొంతు తగ్గించాననుకుని, “ఒంటిని శుభ్రంగా ఉంచుకోకపోతే ఇలాంటివే వస్తాయమ్మా” అన్నారు. ఆ మాట గోడ దాటి వచ్చి ఆమె ఒంటికి అంటుకుంది. పొద్దున్నే అందరి డబ్బాలూ సర్ది, అందరి బకెట్లూ నింపి, చివరికి తన వంతు వచ్చాక ఆమె చర్మం మండేదాకా రుద్దుకునేది. ఆ ఎర్రటి గీతలు చూసి డాక్టరమ్మ కోప్పడింది. ఇది మురికివల్ల వచ్చేది కాదు, ఆడామగా కలయికవల్ల అంటుకునే వైరస్, చాలామందికి సోకి దానంతటదే పోతుంది, కొందరిలో ఏళ్లకేళ్లు ఉలుకూ పలుకూ లేకుండా దాక్కుంటుంది అంది. ఆమె తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించింది. తను ఎరిగిన మగాడు ఒక్కడే. ఎంత తిప్పి చూసినా ఒక్కడే. ఇంటికొచ్చి కూర తరిగింది, యూనిఫారం ఇస్త్రీ చేసింది, ఆయన్ని ఏమీ అడగలేదు. అడిగితే చెప్పేస్తాడేమోనని భయం.

ఇవాళ ఆయన చెవి వెనక రంగు రాస్తూ మొదలుపెట్టింది. అది ఇంకా చిన్నపిల్ల అన్నాడు. చిన్నగా ఉన్నప్పుడే వేయిస్తే బాగా పనిచేస్తుందట అంది. బండి కదలకముందే నేర్చుకునేవాళ్లని బెల్టు పెట్టుకోమంటారు కదా, వాళ్లు గుద్దుతారనా అని అడిగింది. తెలివైన మాటే అన్నానని కాస్త మురిసింది కూడా. ఆయన తల కదపకుండానే కొట్టిపారేశాడు.

“అదీ ఇదీ ఒకటా? మన పిల్ల అలాంటిది కాదు.”

ఆమె బ్రష్షు గిన్నెలో పెట్టేసింది.

“మరి నేను అలాంటిదాన్నా?”

“మధ్యలో నువ్వెందుకొచ్చావ్?”

“నాకొచ్చింది ఇదే కదండీ. మీరు తప్ప నాకు ఎవరూ తెలియదు.”

నిష్ఠూరంగా అనలేదు. దుకాణానికి వచ్చినవాళ్లకి అద్దం మార్చి, ఇప్పుడు కనిపిస్తోందా అని అడిగే గొంతుతోనే అంది. ఆయన చూపు ఏళ్ల వెనక్కి వెళ్లి ఒకచోట ఆగడం ఆమెకు తెలిసింది. అయినా ఆ ముఖం చూస్తే ఆమెకు కోపం రాలేదు, జాలే వచ్చింది.

“పెళ్లికి ముందు...” అన్నాడు నెమ్మదిగా. “నాకు నిజంగా తెలీదు. ఇలా అవుతుందని.”

“తెలీదని నాకు తెలుసు. ఆ సంగతి వినే ఓపిక వచ్చినప్పుడు నేనే అడుగుతాను. మీకూ తెలీలేదు, నాకూ తెలీలేదు. పిల్లకైనా తెలియనివ్వండి.”

రంగంటిన చేతొడుగుతో ఉన్న ఆమె చేయి పట్టుకుని ఆయన అలాగే కూర్చుండిపోయాడు. అరగంట ఎప్పుడో దాటిపోయింది. ఎంత కడిగినా నుదురంతా నల్లగా మిగిలింది. ఆ ముఖంతోనే వాళ్లమ్మ దగ్గరికి వెళ్లి, టీకా వేయిస్తున్నాం అన్నాడు. ఆవిడ కొడుకుని ఎగాదిగా చూసి, ఏ కళనున్నారో ఏమో, ఏమీ అనలేదు.

వారం మధ్యలో ముగ్గురూ ఆసుపత్రికి వెళ్లారు. పిచ్చుక చొక్కా చేయి పైకి మడిచి కళ్లు మూసుకుంది. సూది దిగాక ఒక కన్ను తెరిచి, ఇంతేనా అంది. కాసేపు కూర్చుని వెళ్లమంటే వరండా బల్ల మీద తల్లికీ తండ్రికీ మధ్య ఇరుక్కుని కూర్చుంది. కూర్చుని ఊరుకుంటుందా!

“అమ్మా, నీకు కడుపులో గడ్డ అన్నారుగా. మరి డాక్టరమ్మేంటి, అమ్మకి వచ్చింది నీకు రాకుండా అంటోంది?”

ఆయన చూపు నేలకు దిగింది. ఏదో సర్దిచెప్పడానికి గొంతు సవరించుకున్నాడు. ఆమె కూతురి మీదుగా చేయి చాచి ఆయన మోకాలి మీద వేసింది, ఆగమన్నట్టు.

“గడ్డ కాదు. అదెలా అంటుకుంటుందో ఇంటికెళ్లాక దాచకుండా చెప్తాను. ఒక్కటి మాత్రం ఇప్పుడే విను. అమ్మకి జబ్బు చేసింది. అమ్మ తప్పు చేయలేదు.”

ఆ మాట ఎవరైనా తనతో అంటారేమోనని ఆమె రెండేళ్లు ఎదురుచూసింది. అనడానికి తనకూ నోరుందని ఇన్నాళ్లూ తోచనేలేదు.