పదిహేడు కుంటలు

ఎలునెడ్ వంటింటి తొట్టిలో సీసాలు కడుగుతోంది. గ్విలిమ్ తన పుస్తకం ప్రూఫు కాగితాల కట్ట తెచ్చి బల్లమీద పెట్టాడు.

"అచ్చుతప్పులుంటే చూసిపెట్టు. మధ్యాహ్నం టపాకి పోవాలి. తప్పులు పట్టడంలో నీ తర్వాతే ఎవరైనా," అన్నాడు.

ఆమె చేతులు తుడుచుకుంది. మెడ కోసి తలకిందులుగా దానిలోకే దోపిన సీసాలవి. సాయంత్రం కుంటలో పెడితే తెల్లారేసరికి లోపల నీటిబల్లులు ఉంటాయి. ఈ వేల్స్ కొండల్లో రెండు రకాలు, నున్నవీ తెడ్డుకాలివీ. వసంతంలో మగవాటిని ఎవరైనా గుర్తుపడతారు. నున్నదానికి వీపుమీద అలలాంటి తురాయి, తెడ్డుకాలిదానికి వెనక పాదాల్లో నల్లటి పొర. ఆడవి రెండూ ఒకే మట్టిరంగు. వెల్లకిలా తిప్పి గొంతు చూడాలి. చుక్కలుంటే నున్నది, చుక్కలేని లేత గులాబీ అయితే తెడ్డుకాలిది.

ముప్పై నాలుగు వసంతాల ఈ లెక్కల్లో అలా తిప్పి చూసింది ఎలునెడే. బురదలో మోకాళ్లమీద కూర్చుని ఆమె చెబితే గట్టుమీద నిలబడి గ్విలిమ్ రాసుకునేవాడు. కట్టలో పైనున్న పుస్తకం అట్టమీద గ్విలిమ్ ఒక్కడి పేరే ఉంది. లోపల, 'టీ ఫ్లాస్కుతో ఓపిగ్గా తోడొచ్చిన నా భార్యకు' అని కృతజ్ఞత. ప్రకృతి పరిశీలకుల సంఘం సమావేశాల్లో అతనికో పాత జోకు ఉండేది. "ఆడవాటిని విడదీయడం దేవుడి వల్ల కూడా కాదు, అందుకే మా ఆవిణ్ణి వెంటేసుకెళ్తాను." అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వి కేకు ముక్కలు పంచేది.

నూటపన్నెండో పేజీలో ఆమె చూపు ఆగిపోయింది. తొంభై మూడో సంవత్సరం. పదిహేడు కుంటల్లో తెడ్డుకాలివి ఒక్కసారిగా మాయం, మరుసటి ఏడు మళ్లీ ప్రత్యక్షం. 'బహుశా తీవ్రమైన మంచు వల్ల' అని గ్విలిమ్ రెండు పేజీల సిద్ధాంతం కట్టాడు.

"ఆ ఏడాది కుంటలకి ఎప్పుడెళ్లావు?" అని అడిగింది.

"జూన్‌లో. నీకేదో ఒంట్లో బాగాలేదు కదూ అప్పుడు? ఆలస్యమైంది."

ఏదో. ఆరో నెల అప్పుడే వచ్చింది. ప్రాణం లేకుండానే పుట్టింది ఆడపిల్ల. నర్సు తువ్వాలులో చుట్టి ఒక్క నిమిషం చూపించింది. అంత చిన్నవాళ్ల పేరు ఏ పుస్తకంలోనూ ఎక్కించరని, అది నియమమని మెల్లగా చెప్పింది. ఇంటికొచ్చాక అత్తగారు మంచం పక్కన కూర్చుని, "కడుపుతో ఉండి ఆ చల్లటి కుంటల్లో దిగితే ఇంకేమవుతుందమ్మా?" అంది. ఆ మాటకి గ్విలిమ్ అడ్డు చెప్పలేదు. "కాస్త గాలి తగిలితే నాకు బాగుంటుంది," అని బూట్లు తొడుక్కుని సీసాలు తీసుకుని వెళ్లాడు. అతనికీ దుఃఖం ఉందనే ఆమె అనుకుంది, ఉండే ఉంటుంది కూడా. తను మాత్రం ఆ నెలంతా గోడవైపు తిరిగి పడుకుంది. జూన్‌కి మగవాటి హంగులన్నీ రాలిపోతాయి, ఏది చూసినా ఆడదానిలాగే ఉంటుంది. అతను ఒక్కదాన్నీ వెల్లకిలా తిప్పి ఉండడు. కనిపించినవన్నీ నున్నవేనని రాసేసుకుని ఉంటాడు. ఆ పిల్ల లోకంలోకి వచ్చినందుకు ఎక్కడైనా ఆనవాలు ఉందంటే ఈ పేజీలో ఉన్న లోటొక్కటే. దాన్ని కూడా మంచుకి కట్టబెట్టాడు.

ఎర్ర కలంతో ఆ రెండు పేజీలూ కొట్టేసి, పక్కన నిదానంగా రాసింది. 'ఆ ఏడు తెడ్డుకాలివి తగ్గలేదు. ఆడవాటి గొంతులు చూసి చెప్పే ఎలునెడ్ ప్రైస్ బిడ్డను పోగొట్టుకుని ఇంట్లో ఉంది. ఈ పదిహేడు కుంటల వివరాలు తప్పు.'

గ్విలిమ్ నిలబడే చదివాడు. తర్వాత కళ్లజోడు తీసి, "ఎలూ, ఇది అచ్చయితే మిగతా ఏళ్లని ఎవరు నమ్ముతారు?" అన్నాడు.

ఆమె కాగితాలు సర్ది కవరులో పెట్టి, దానిమీద తన చేత్తోనే చిరునామా రాసింది.

"నమ్ముతారు. మిగతా ముప్పై మూడేళ్లూ చూసింది నేనని కూడా రాశాను, అట్టమీద."