గీయడం తరువాత చెరపడం

బటన్లోణ్ని ఎండలో నిలబెట్టినా పాపం లేదని ఎంబ్రాయిడరీ మాస్టరు ఉద్దేశం. బటన్లోడంటే పరాయివాడేం కాదు, సాక్షాత్తూ బావమరిది. షాపులో కుట్టుమిషన్ను నడిపే సాఫ్ట్‌వేర్ రాసిందీ, దాన్నెలా వాడాలో చెప్పే సహాయం ఫైలు రాసి, బటన్లు పెట్టి ఆ పేరు తెచ్చుకున్నదీ వాడే.

తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టేసిన మాస్టరుకు చదువుకున్నవాళ్ల రాతంటే మహా గురి. ‘గీయడం’ పేజీ చూసుకుంటూ, హోటలు చొక్కాల జేబుల కోసం రెండు రోజులు తంటాలుపడి ఒక కొంగను గీశాడు. పేజీ కింద ‘తరువాత’ అన్న బటన్ నొక్కాడు. ‘చెరపడం’ వచ్చింది. ఇదెక్కడి విడ్డూరం అనుకుంటూనే చెప్పినట్టు చేశాడు. కొంగ ఎగిరిపోయింది.

చెయ్యి తిరిగింది కాబట్టి మర్నాడు పొద్దున్నే కూర్చుంటే సాయంత్రానికి మళ్లీ గీయగలడు. హోటలాయన నమూనా చూడడానికి వచ్చేది సాయంత్రమే. కానీ పొద్దున్నే బటన్లోడు వచ్చాడు.

“గీశాక చెరపమని ఏ పంతులు చెప్పాడ్రా నీకు?”

“నేను చెప్పలేదు బావా. పేజీలు రాశాను గానీ వరుస పెట్టలేదు. మనం పెట్టకపోతే అక్షరక్రమంలో అదే పేర్చుకుంటుంది. గ అయ్యాక చ.”

“అంటే ఈ బటన్‌కి పని తెలీదా?”

“దానికేం తెలుసు? పక్కింటివాణ్ని చూపిస్తుందంతే.”

మాస్టరు కోపం అక్కడే చల్లబడింది. ఇన్నాళ్లూ ఆ బటన్ వెనక పని తెలిసిన మనిషెవరో ఉన్నాడనుకున్నాడు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“ఏదీ, వరుస ఎక్కడ పెడతారో చూపించు.”

పేజీల పేర్లన్నీ ఒకదాని కింద ఒకటి కనిపించాయి. మాస్టరు మౌసుతో పట్టుకుని ‘భద్రపరచడం’ తెచ్చి ‘గీయడం’ కింద పెట్టాడు. ‘తరువాత’ నొక్కితే అదే వచ్చింది. ‘వెనక్కి’ నొక్కితే మళ్లీ గీయడం.

“వెనక్కి కూడా మారిందే! దానికెవరు చెప్పారు?”

“ఒక్క వరుస చెబితే రెండు వైపులా అదే చూసుకుంటుంది.”

“మరి ఈ చెరపడాన్ని అట్టడుగున పడేద్దాం.”

“వద్దు బావా. కుట్టాక చెరపాలి కాబోలనుకుంటారు, నీలాంటివాళ్లు.”

“నాలాంటివాళ్లంటే?”

“మాట వినేవాళ్లు.”

మాస్టరు భార్య గుమ్మంలోంచి తొంగిచూసింది. “కొంగను గీస్తారా, బొమ్మరిల్లు కట్టుకుంటారా ఇద్దరూ? పొద్దు వాలుతోంది.”

“ఒక్క నిమిషమే!”

ఆ పేజీని వరుసలోంచే తీసేయవచ్చని బటన్లోడు చూపించాడు. కావలసినవాడు వెతుక్కుని రావాలి. వచ్చినా అక్కడ రెండు బటన్లూ బూడిదరంగుకు తిరిగి, ఉలకవు పలకవు. మాస్టరు పదిసార్లు నొక్కి చూశాడు. “మూగనోము పట్టిందిరా!” అని మురిసిపోయాడు.

అంతలో హోటలాయన రానే వచ్చాడు. మాస్టరు ఆయన్ను కూర్చోబెట్టి, మొదటి పేజీ నుంచి కుట్టడం దాకా ‘తరువాత’ నొక్కుతూ చూపించాడు.

“భేషుగ్గా ఉంది. కొంగేదండీ?”

“రేపటికల్లా...”

“రేపే మా హోటలు తెరిచేది.”

ఆయన చొక్కాల మూటలు తిరిగి బండిలో వేయించుకుని ఎదుటి వీధి షాపుకు పోయాడు. బటన్లోడు తల దించుకుని మౌసును తుడిచాడు.

మాస్టరుకు చేజారినవి అరవై నాలుగు చొక్కాలు, జేబుకొక కొంగ చొప్పున.