తోరాల్ఫ్ మర్యాదలు

తిన్వోగ్ ఊళ్ళో ఎవరైనా మిమ్మల్ని చూసి "రండి, కూర్చోండి, మీలాంటివారు మా ఇంటికి రావడం మా అదృష్టం" అన్నారంటే, మర్నాటి ఓడకే సామాను సర్దుకోవడం మంచిది. ఆ ఊళ్ళో నచ్చనివాళ్ళకే మర్యాద చేస్తారు. నచ్చినవాళ్ళని తిడతారు. ఎంత నచ్చితే అంత ఓపిగ్గా, వెతికి వెతికి, కొత్త కొత్త మాటలు ఏరుకొచ్చి మరీ తిడతారు.

పదకొండేళ్ళ కిందట లిథువేనియా నుంచి చేపలు కోసే పనికి వచ్చిన విటౌటస్‌ని మొదటిరోజే "నువ్వు చేప కోస్తున్నావా, రొట్టెకి వెన్న రాస్తున్నావా" అని షెడ్డులో అందరూ వాయించేశారు. ఇప్పుడతను చర్చిలో పాటల బృందం ముందువరసలో నిలబడి, పక్కవాళ్ళని కూడా దారి తప్పిస్తూ పాడుతున్నాడు. ఓస్లో వైపు దక్షిణాది నుంచి వచ్చిన పాస్టరుగారి సంగతి వేరు. ఆయన ఉన్న రెండేళ్ళూ ఒక్కరు కూడా ఆయనతో ఎకసెక్కెంగా మాట్లాడలేదు. బదిలీ అయి వెళ్తూ, ఇంత సంస్కారం గల ఊరు తన జీవితంలో చూడలేదని ఆయన జిల్లా పత్రికకు ఉత్తరం రాశాడు. ఊళ్ళోవాళ్ళు అది చదివి, పాపం అనుకుని, పత్రిక మడిచి పొయ్యి అంటించుకున్నారు.

అందుకే గురువారం మధ్యాహ్నం హెన్నింగ్ ఓడ దిగినప్పుడు, గున్వోర్ తమ్ముడు తోరాల్ఫ్ తల మీది ఉన్ని టోపీ తీసి, "ప్రయాణం సుఖంగా జరిగిందాండీ? ఆ పెట్టె ఇలా ఇవ్వండి, మీరు మొయ్యకూడదు" అనగానే గున్వోర్ గుండె జారి రేవులో పడింది.

గున్వోర్‌కి అరవై ఎనిమిది. భర్త పోయి పన్నెండేళ్ళయింది. తోరాల్ఫ్ ఆమెకన్నా రెండేళ్ళు చిన్న. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే గాలివాటం గురించి మాట్లాడుతూ అరవై ఆరుకి వచ్చేశాడు. అమ్మానాన్నల ఇంట్లోనే పైభాగంలో ఆమె, కిందిభాగంలో అతను. చేప అతను తెస్తాడు, వంట ఆమె చేస్తుంది. కింద వంటింట్లో బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని ఒకరినొకరు తిట్టుకుంటూ తింటారు. రెండేళ్ళ కిందట తుంటి ఎముక ఆపరేషన్‌కి ఓస్లో వెళ్ళినప్పుడు, వ్యాయామం చేయించే హాల్లో ఆమెకి హెన్నింగ్ పరిచయమయ్యాడు. పియానోలు శ్రుతి చేసి రిటైరైన మనిషి, మోకాలు మార్పించుకున్నాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఫోను. ఇప్పుడు ఊరు చూద్దామని వచ్చాడు. ఊరికి తను, తనకి ఊరు నచ్చితే ఓస్లోలో ఫ్లాటు అమ్మేసి వచ్చేస్తానన్నాడు. ఆదివారం మధ్యాహ్నం ఓడకి తిరుగు ప్రయాణం.

కనక ఆ లోపల తోరాల్ఫ్ అతన్ని ఒక్కసారైనా తిట్టాలి. తిట్టకపోతే మూడువందల గడప ఉన్న ఊళ్ళో, అందులోనూ ఒకే గడపలో, ముగ్గురూ బతకలేరు. గున్వోర్ హెన్నింగ్‌నైనా వదులుకోవాలి, ఊరునైనా వదులుకోవాలి. ఈ ఆచారం గురించి హెన్నింగ్‌కి ఆమె ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పి తిట్టించుకుంటే అది తిట్టెందుకవుతుంది? అడుక్కుని తెచ్చుకున్న ఆశీర్వాదం అవుతుంది.

శుక్రవారం పొద్దున ఆమె బంగాళాదుంపల కోసం కొట్టుకి వెళ్ళింది. కొట్టు నడిపే మాగ్నిల్ ఆమెకి చిన్నప్పటి స్నేహితురాలు. మాగ్నిల్ దుంపలు తూచడం మానేసి నేరుగా విషయానికి వచ్చింది.

"తిట్టాడా?"

"లేదే."

"పోనీ వెక్కిరించాడా?"

"కుర్చీ లాగి వేశాడు."

మాగ్నిల్ చేతిలో దుంప అలాగే ఉండిపోయింది. "కుర్చీయా? మీ తోరాల్ఫే?"

"దుమ్ము కూడా దులిపాడే, తువ్వాలు పెట్టి."

"అయితే అయిపోయిందమ్మా నీ పని" అంది మాగ్నిల్. దుంప తక్కెట్లో వేస్తూ, "మాకైతే నచ్చాడు. నిన్న సాయంత్రం ఇటొస్తే నాలుగు అంటించాను. ఆ కోటేంటయ్యా, గాలొస్తే నిన్ను జెండా అనుకుని ఓడలవాళ్ళు సెల్యూట్ కొడతారు అన్నాను. మొహం ముడుచుకున్నాడు" అంది.

ఆ సంగతి గున్వోర్‌కి తెలుసు. రాత్రి భోజనాల దగ్గర హెన్నింగ్ చెప్పాడు. "ఊరు చాలా అందంగా ఉంది. ఆ కొట్టావిడే కాస్త మొరటు మనిషిలా ఉంది. మీ తమ్ముడు మాత్రం ఎంత పెద్దమనిషి గున్వోర్. ఇలాంటి మర్యాద ఓస్లోలో కూడా లేదు" అన్నాడు. ఆ పెద్దమనిషి ఎదుటే కూర్చుని, "అదంతా మీ మంచితనమండీ" అని ఉప్పు గిన్నె అతని వైపు జరిపాడు. గున్వోర్‌కి ఆ ఉప్పు గిన్నె తీసి తమ్ముడి నెత్తిన కొట్టాలనిపించింది.

శనివారం పొద్దున వాతావరణం తెరిపి ఇచ్చింది. కొండల మీద మంచు మెరుస్తోంది, వాటి మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో అల లేదు. తోరాల్ఫ్ ముందురోజు పట్టిన కాడ్ చేపలని ఆరేసే కర్రల పందిరి దగ్గరికి తోపుడు బండిలో తోసుకెళ్ళాడు. హెన్నింగ్ తనూ సాయం చేస్తానని ఆ జెండా కోటు వేసుకుని బయల్దేరాడు. గున్వోర్ వంటింటి కిటికీ దగ్గర నిలబడి చూసింది. ఇప్పుడు తప్పదు, ఇప్పుడు తిట్టి తీరతాడు అనుకుంది.

పని చూడ్డానికి తేలిక. ఒకే బరువున్న రెండు చేపల్ని తోకల దగ్గర కలిపి తాడుతో కట్టి, దూలం మీద అటొకటి ఇటొకటి వేలాడేలా వెయ్యాలి. హెన్నింగ్ చేతికందిన రెండింటిని తీసి కట్టేశాడు. కట్టడమైతే ముచ్చటగా కట్టాడు, పూలగుత్తికి కట్టినట్టు రెండు ఉచ్చులతో. ఇరవై జతలు కట్టి దూలం మీద వేసి, చేతులు దులుపుకుని, వెనక్కి జరిగి సంతోషంగా చూసుకున్నాడు. అంతలో మొదటి జతలో పెద్ద చేప కిందికి జారింది, చిన్నది పైకెగిరింది, రెండూ కలిసి మంచులో పడ్డాయి. తర్వాత రెండో జత.

గున్వోర్ కిటికీ రెక్క తీసి చెవి బయటికి పెట్టింది. తోరాల్ఫ్ టోపీ సర్దుకున్నాడు. "చాలా శ్రమ తీసుకున్నారు. మీరు లోపలికెళ్ళి వెచ్చగా కూర్చోండి, మిగతాది నేను చూసుకుంటాను. నమస్కారం" అన్నాడు. హెన్నింగ్ పొంగిపోయి లోపలికి వచ్చాడు. బయట తోరాల్ఫ్ ఇరవై జతలూ విప్పి, బరువులు చూసుకుని, మళ్ళీ మొదటినుంచీ కట్టుకున్నాడు.

హెన్నింగ్ తడి బట్టలు మార్చుకోవడానికి వెళ్ళగానే గున్వోర్ బూట్లేసుకుని పందిరి కిందికి వచ్చింది.

"ఏరా, నోరు పడిపోయిందా?"

"నేనేం చేశాను? మర్యాదగానే ఉన్నాగా."

"అదే అడుగుతున్నా. చంటి పిల్లాడు కూడా అంతకన్నా బాగా కడతాడు. ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోతుంది?"

తోరాల్ఫ్ తోకలకేసి చూస్తూ, "గాలి వాయవ్యానికి తిరిగేట్టుంది" అన్నాడు.

"ఆయన రేపు వెళ్ళిపోతాడు."

"వెళ్ళేటప్పుడు ఎండుచేప కట్టిస్తాలే. మంచి రకమే ఇస్తా."

గున్వోర్ వెనక్కి తిరిగింది. ఇంట్లోకి వచ్చి, మెట్లెక్కి, అటక మీద నుంచి తన పెద్ద పెట్టె దించింది. ఓస్లోలో ఈ కొండలుండవు. పక్కింట్లో ఎవరున్నారో పక్కింటివాళ్ళకే తెలియదు. అక్కడ తను చచ్చేదాకా ఎవరూ తనని తిట్టరు. ఆ మాట తట్టగానే ఆమెకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నాలుగు స్వెట్టర్లు మడిచి పెట్టెలో పెట్టి, పెట్టెని మెట్ల మీద ఉంచి, కళ్ళు తుడుచుకుని, వంటకి కిందికి దిగింది.

నాలుగింటికి బల్ల మీద ఉడికించిన కాడ్ చేప, చేప కార్జం, గుడ్ల జెన, దుంపలు పొగలు కక్కుతున్నాయి. ఆ సీజనులో శనివారం అందరిళ్ళలోనూ అదే భోజనం. ముగ్గురూ కూర్చున్నారు. గున్వోర్ గరిటె తీసుకుని తమ్ముడి వైపు తిరిగింది.

"తోరాల్ఫ్ గారూ, మీకు కార్జం ఇంకొంచెం వడ్డించమంటారా?"

తోరాల్ఫ్ చేతిలో ఫోర్కు ఆగిపోయింది. మాట్లాడటం వచ్చిన దగ్గర్నుంచీ అతనికి ఆ ఇంట్లో ఉన్న పేర్లు మొద్దు, దద్దమ్మ, ఈమధ్య సముద్రపు జంతువు పేరు మీద ముసలి సీలు. గారు అనే మాట ఆమె నోట వినడం అదే మొదలు.

"ఏంటే గున్వోర్?"

"పొద్దున మా వల్ల మీకు రెండుసార్లు పని పడింది, మన్నించండి. దుంపలు సరిగ్గా ఉడికాయాండీ? లేకపోతే వేరేవి వేస్తాను."

హెన్నింగ్ ముఖం వెలిగిపోయింది. "అక్కాతమ్ముళ్ళు ఇంత గౌరవంగా మాట్లాడుకోవడం నేనెక్కడా చూడలేదు" అన్నాడు.

తోరాల్ఫ్ అక్క ముఖంలోకి చూశాడు. అక్కడ కోపం లేదు. కోపం ఉంటే ఎలాగోలా బతికిపోయేవాడు. ఎవరింటికో చుట్టపుచూపుగా వెళ్ళినావిడ ముఖంలా ఉంది. తెరిచి ఉన్న తలుపులోంచి మెట్ల మీద పెట్టె కనపడింది. అతని చెవులు ఎర్రబడ్డాయి, ఆ తర్వాత మెడ. ఫోర్కు కింద పెట్టి హెన్నింగ్ వైపు తిరిగాడు.

"ఒరేయ్ పియానో."

హెన్నింగ్ చిరునవ్వు సగంలో నిలిచిపోయింది.

"అవి ముడులా, పుట్టినరోజు పొట్లానికి రిబ్బన్లా? తిమింగలానికీ రొయ్యకీ పెళ్ళి చేసి దూలం మీద కూర్చోబెడితే కాపురం నిలుస్తుందా? సముద్రపు కాకులు పొద్దున్నుంచీ నీ పేరు మీద విందు చేసుకుంటున్నాయి. ఆ కోటూ నువ్వూ. ఆ వేళ్ళు చూడు, వాటితో వల కాదు గదా ముక్కు కూడా చీదుకోలేవు. యాభై ఏళ్ళుగా రేవులో నిలబడి దిగేవాళ్ళని చూస్తున్నా, ఇంత పనికిమాలిన సరుకు దక్షిణాది నుంచి ఇంతవరకూ దిగలేదు."

గుక్క తిప్పుకోకుండా అనేసి ఆగాడు. హెన్నింగ్ పాలిపోయి, చేతిరుమాలు జాగ్రత్తగా మడిచి బల్ల మీద పెట్టి లేచాడు.

"ఇంత మనసులో పెట్టుకుని పైకి నవ్వుతున్నారని నాకు తెలియలేదు. నేను రేపటిదాకా ఆగను గున్వోర్. ఊళ్ళో ఎక్కడైనా..." అంటూ ఆమె వైపు చూశాడు. గున్వోర్ చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నాయి. "నువ్వెందుకు ఏడవడం? తప్పు నీది కాదు."

"సంతోషానికి. కూర్చో."

"సంతోషమా?"

"కూర్చోమన్నానా. వాడు నిన్ను ఉండమంటున్నాడు."

"ఏ మాటలో?"

"అన్ని మాటల్లోనూ. ఇక్కడ నచ్చినవాళ్ళనే తిడతారు. అన్ని తిట్లు వాడు నన్ను కూడా ఎప్పుడూ తిట్టలేదు."

హెన్నింగ్ నిలబడే తోరాల్ఫ్‌ని చూశాడు. తోరాల్ఫ్ దుంపల గిన్నెని చూస్తున్నాడు. తీగ తెగకుండా ఎంతవరకు బిగించొచ్చో ఆలోచించేవాడిలా హెన్నింగ్ చాలాసేపు తల పక్కకి వంచి ఉన్నాడు. తర్వాత మెల్లగా కూర్చున్నాడు.

"మీ గురక" అని, గొంతు సవరించుకుని, "నీ గురక శ్రుతిలో లేదు. అర స్వరం దిగి ఉంది. కింద నీ పక్కగదిలో పడుకుని రెండు రాత్రులుగా వింటున్నాను, లేచొచ్చి సరిచెయ్యాలని చేతులు దురదపెడుతున్నాయి" అన్నాడు.

తోరాల్ఫ్ తల ఎత్తాడు. "అది నాది కాదు, పైనుంచి వచ్చేది. మా అక్కది."

హెన్నింగ్ నవ్వాడు. తోరాల్ఫ్ కూడా నవ్వబోయాడు గానీ గున్వోర్ నవ్వలేదు.

"ఈ రెండు రోజులూ నోరు ఎందుకు కుట్టుకున్నారో చెప్తారా తోరాల్ఫ్ గారూ?"

ఆ గారు వినగానే అతను చలిగాలి తగిలినట్టు భుజాలు దగ్గరికి తీసుకున్నాడు. ఫోర్కుతో దుంపని అటూ ఇటూ దొర్లించాడు. గాలివాటం గురించి చెప్తాడేమోనని గున్వోర్ ఎదురుచూసింది.

"తిడితే ఉండిపోతాడు" అన్నాడు చివరికి. "ఉంటే మీరిద్దరూ పైన వేరే పొయ్యి పెట్టుకుంటారు. నేను కింద ఈ బల్ల ముందు ఒక్కణ్ణే కూర్చుంటా. మర్యాద చేస్తే పోతాడనుకున్నా. ఆయన పోతే ఆయన వెనక నువ్వూ పోతావని నా మట్టిబుర్రకి తట్టలేదు. ఒక్కణ్ణే కూర్చుని తినాలంటే భయమే నాకు."

హెన్నింగ్ తన పళ్ళెంలోకి చూసుకున్నాడు. ఆడుకోవడానికి పోయి చీకటి పడ్డాక దొంగచాటుగా ఇల్లు చేరే పిల్లవాడి కళ్ళలా ఉన్నాయి, అరవై ఆరేళ్ళ తోరాల్ఫ్ కళ్ళు. అవి అక్క నోటి మీదే ఉన్నాయి. గున్వోర్ గరిటె నిండా కార్జం తీసి అతని పళ్ళెంలో వేసింది.

"పొయ్యి ఎవడు పెట్టుకుంటాడురా పైన, దద్దమ్మా? ఆ మాట అడగలేక ఇంత నాటకమా? చేప చల్లారిపోతోంది, నోరు మూసుకుని తిను."

తోరాల్ఫ్ తల వంచుకుని తిన్నాడు. మూడో ముక్క నోట్లో పెట్టుకుని, ఉప్పు గిన్నె హెన్నింగ్ వైపు తోసి, "తినరా పియానో" అన్నాడు.