కుడివైపు దారం

ఎవరినైనా ఒక పట్టాన నమ్మడం నాకు చేతకాదు. పాలల్లో నీళ్లు కలిపారా అని కాదు, ఆ నీళ్లలో ఇంకేం కలిపారా అని చూసే రకం నేను. కెమిస్ట్రీ చెప్పేవాడికి అది మంచి గుణమేనని చాలాకాలం గర్వపడ్డాను కూడా.

1961లో నేను కరీంనగర్‌లో ఒక కాలేజీలో లెక్చరర్‌ని. మాది నేతపని చేసే కుటుంబం. హుస్నాబాద్‌లో ఉండే మా మేనత్త లస్మవ్వ మోదుగుపూలతో నూలుకు రంగు వేస్తుంది. మోదుగు రంగు ఎవరు వేసినా నాలుగు ఉతుకులకు వెలిసిపోతుంది. ఆమె వేసింది చీర చిరిగేదాకా ఉంటుంది. అదెలాగో తేల్చాలన్నదే నా పరిశోధన. ఆమెకు ఒక కన్ను అప్పటికే పోయింది. రంగు కుదిరిందో లేదో చూపుతోనే పట్టాలి కదా.

"గీసారి పూతకైతే చేసి చూపెడుత బిడ్డా. మల్ల పూతకు గీ కన్నుగూడ ఆనుతదో ఆనదో" అన్నది.

కావలసిన పరికరాలు కాలేజీలో లేవు. సాయమిచ్చే సంస్థ ఢిల్లీలో ఉంది. అక్టోబరు ఆఖరుకు దరఖాస్తు చేరితే ఫాల్గుణంలో మోదుగు పూసేనాటికి డబ్బు అందుతుంది. అయితే యూనివర్సిటీ అనుమతి లేనిదే ఢిల్లీకి కాగితం పోకూడదు. ఆ అనుమతి మా హెడ్ గుమాస్తా అంబదాస్ చేతుల మీదుగా రావాలి.

అంబదాస్‌ది ఆదిలాబాద్. నిజాం కాలంలో ఉర్దూ చదివి నౌకరీలో చేరినవాడు, ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాడు. నా దరఖాస్తు తీసుకున్న కొద్దిరోజులకు ఆయన అడిగిన ప్రశ్నలు నాకు నచ్చలేదు. ఆ ముసలామె ఇల్లెక్కడ, రంగులో ఏం వేస్తుంది, ఇంకెవరికైనా చెప్పిందా? ఆయన బామ్మర్దికి జమ్మికుంటలో రంగుల దుకాణం ఉంది. నాకు ఇంకేం కావాలి? పైగా ఒక ఆదివారం ఆయన హుస్నాబాద్‌లో బస్సు దిగడం చూశానని తోటి లెక్చరర్ సాంబయ్య చెప్పాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

అక్టోబరు ఇరవైన అంబదాస్ ఫైలు తెచ్చి నా బల్ల మీద పెట్టి, చూసుకుని పంపించమని చెప్పి వెళ్లిపోయాడు. నేను తెరిచాను. మొదట ఖాళీ కాగితం. తిప్పితే నా దరఖాస్తు చివరి పేజీ. అందులో యూనివర్సిటీ అభిప్రాయం రాయాల్సిన గడి ఖాళీ. ఆ వెనక పేజీలన్నీ చివరి నుంచి మొదటికి, తిరగేసిన వరసలో ఉన్నాయి. దారం విప్పి, ఎవరికో నకలు రాసిచ్చి, తడబాటులో మళ్లీ కుట్టాడన్నమాట. ఇక ఆఖరిదాకా తిప్పవలసిన పనేముందనుకున్నాను. సాక్ష్యం చెదరకూడదని ఫైలును అలాగే బీరువాలో పెట్టి తాళం వేశాను. హెడ్ గుమాస్తా నా పరిశోధనను అమ్ముకున్నాడని రిజిస్ట్రారుకు నేరుగా రాశాను. అంబదాస్‌ను ఒక్క మాట అడగమని ప్రిన్సిపాల్ అన్నాడు. దొంగను దొంగతనం గురించి అడుగుతారా అన్నాను. అక్టోబరు వెళ్లిపోయింది.

నవంబరులో అంబదాస్ సంజాయిషీ నోటీసు పట్టుకుని నా గదికి వచ్చాడు. పింఛనుకు ముప్పు వచ్చిన మనిషి కేకలు వేస్తాడనుకున్నాను. ఫైలు ఒక్కసారి చూపించమన్నాడు. ఇచ్చాను. దారం కుడివైపుకు వచ్చేలా దాన్ని బోర్లా తిప్పి నా ముందు పెట్టాడు.

"మాది ఉర్దూ చదువు సార్. మొదలు గీ దిక్కుంటది."

అట్ట ఎత్తాడు. మొదటి కాగితమే యూనివర్సిటీ అనుమతి. అక్టోబరు పదకొండు తేదీ, రిజిస్ట్రారు సంతకం, కింద మొహరు. గడిలో రాయకుండా విడిగా ఉత్తరం ఇచ్చారు. రెండో కాగితం ఉర్దూలో ఉంది. అదేమిటని అడిగాను.

"ముసలవ్వ నిజంగ ఉన్నదా, రంగుల ఏమేస్తది, ఇంకెవ్వలకన్న చెప్పిందా అని యూనివర్సిటోళ్లు అడిగిండ్రు. పోయి చూసొచ్చి రాసిన."

"ఏమన్నది?"

ఆయన వేలితో కుడి నుంచి ఎడమకు చదివాడు. "రంగు మతలబు నా అల్లునికే చెప్త, నీకు చెప్ప అన్నది. పోరడు మంచోడే గని ఎవ్వల్ని నమ్మడు, జర నువ్వే ఎంబడుండి పని అయ్యేటట్టు చూడు నాయినా అన్నది."

రాబోయే ఫాల్గుణం పూత ఇక నాకు దక్కదు. ఢిల్లీ వాళ్లు మళ్లీ ఏడాదికి గాని దరఖాస్తులు తీసుకోరు.

ఆ మధ్యాహ్నమే, నా ఫిర్యాదు తప్పని, ఆయన ఏ దోషమూ ఎరగడని రాశాను. ఈసారి నేరుగా పంపలేదు. పద్ధతి ప్రకారం వెళ్లాలంటే అదీ హెడ్ గుమాస్తా ద్వారానే పోవాలి. తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను. అంబదాస్ రెండుసార్లు చదివాడు. మొహరు వేశాడు. అత్త కన్ను ఎట్లున్నదని అడిగాడు.

తరువాత సూది తీసి కాగితాలు కుట్టాడు. దారం ఎడమవైపు వేశాడు.