వెనక గదికి సిగ్నల్

బుధవారం పొద్దున్న టీలో చక్కెర తగ్గించమని చెప్పాలంటే ఎల్లుండి గారు ఆ సంగతి సోమవారం పొద్దున్నే చెప్పుకోవాలి. ఆయన మాట రెండు రోజులు ఆలస్యంగా వినిపిస్తుంది. నోరు ఇవాళ కదులుతుంది. గొంతు మాత్రం ఎల్లుండి అదే వేళకి, ఆయన ఏ చోట నిలబడి అన్నారో ఆ చోట పలుకుతుంది. అప్పటికి ఆయన అక్కడ ఉన్నా సరే, లేకపోయినా సరే. అందుకే వీధి వీధంతా ఆయన్ని ఎల్లుండి గారు అంటారు. అసలు పేరు పెన్షన్ కాగితాల మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ లైన్‌మన్‌గా పనిచేశారు. ఆయన స్తంభం ఎక్కి దిగిన రెండు రోజులకి, పైన ఎవరూ లేకుండానే "ఆ తీగ వదులుగా ఉంది, కాస్త లాగండి" అని వినిపించేది. కింద పోతున్నవాళ్ళు తలెత్తి కూడా చూసేవాళ్ళు కాదు. ఆయనేలే అనుకునేవాళ్ళు.

రెండు రోజుల తర్వాత ఏం అవసరమవుతుందో ఇవాళే ఊహించి మాట్లాడాలంటే ఎంతటివాడికైనా కష్టమే. ఎల్లుండి వాన పడుతుందని ఈయన లెక్క వేస్తారు. "గొడుగు తీసుకెళ్ళు" అంటారు. తీరా ఎల్లుండి ఎండ మాడ్చేస్తూ ఉంటుంది. అయినా ఆయన భార్య టైలరమ్మ మారు మాట్లాడకుండా గొడుగు చంకన పెట్టుకుని బజారుకి వెళ్తుంది. పాపం, రెండు రోజుల ముందు నుంచి తన గురించి ఆలోచించిన మనిషి కదా, ఆ మాత్రం మోస్తే ఏం పోయింది అంటుంది.

రాసి చూపించొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. రాస్తారు. సబ్బులు, బల్బులు, కరెంటు ఆఫీసు, అంతవరకే. మనసులో మాట చీటీ మీద రాసి చేతిలో పెట్టే రకం కాదు ఆయన. కొందరంతే.

టైలరమ్మకి ఇది రెండో పెళ్ళి. ప్యాంటు అంచు కుట్టించుకునే నెపంతో ఆయన ఆమె దుకాణానికి వచ్చి, బల్ల ముందు నిలబడి, ఏదో అని, చెవులదాకా ఎర్రబడి వెళ్ళిపోయారు. రెండు రోజులు తిరిగాక సరిగ్గా అదే వేళకి మళ్ళీ వచ్చి అక్కడే నిలబడ్డారు, అడిగిన మాట ఒంటరిగా రాకూడదని. ఆ ఒక్క పనికే పడిపోయానని టైలరమ్మ ఇప్పటికీ ఎవరు అడిగినా అడగకపోయినా చెబుతుంది. పెళ్ళయ్యాక పద్నాలుగేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని ఈ ఇంటికి వచ్చింది. అది జరిగి పన్నెండేళ్ళు.

ఆ కూతురికీ ఎల్లుండి గారికీ ఏనాడూ గొడవ లేదు. గొడవ పడేంత దగ్గరితనమూ లేదు. ఆ పిల్ల ఆయన్ని ఏమనీ పిలవదు. చెప్పాల్సింది ఉంటే తల్లితో చెబుతుంది. తప్పనిసరైతే "మీకు ఫోనొచ్చింది" అని, పిలుపు లేకుండా పని కానిస్తుంది. పొద్దున్నే కాలేజీకి వెళ్తుంటే గుమ్మంలో ఆయన పెదవులు కదిలేవి. "జాగ్రత్తగా వెళ్ళమ్మా" అన్న మాట రెండు రోజుల తర్వాత, పిల్ల అప్పటికే సందు మలుపు తిరిగాక, ఖాళీ గుమ్మంలో వినిపించేది. ఆ పిల్ల కోసం అన్న మాటల్లో ముప్పాతిక వంతు ఆ పిల్ల లేనప్పుడే వచ్చాయి. తల్లి వినేది, సాయంత్రం చెబుదాంలే అనుకునేది, కుట్టుపనిలో పడి మర్చిపోయేది. ఆమె తప్పు ఇందులో బాగానే ఉంది.

ఇప్పుడు ఆ పిల్ల చేసేది విని రాసే ఉద్యోగం. ఎక్కడో పెద్ద పెద్ద సమావేశాల్లో ఎవరో మాట్లాడుతుంటే, అప్పటికప్పుడు విని టైపు చేయాలి. ఒక్క మాట జారినా ఒప్పుకోరు. ఫోన్లో వచ్చే నెట్ వెనక గదిలో ఊపిరి అందనట్టు వచ్చి పోతుండేది. ఇంట్లో సరైన కనెక్షన్ ఉంటే ఇంటి నుంచి చెయ్యి, లేకపోతే శుక్రవారం బయల్దేరి ఇక్కడి ఆఫీసుకి వచ్చెయ్యి, హాస్టల్లో మంచం ఉంచుతాం అన్నారు పైవాళ్ళు. ఆఫీసు వేరే ఊళ్ళో ఉంది. రైల్లో ఒక పగలు, ఒక రాత్రి ప్రయాణం.

"ఇంట్లో కుదరదేమోనమ్మా" అంది పిల్ల.

"కుదరకపోవడమేంటి, రౌటర్ పెట్టిద్దాం" అంది టైలరమ్మ. ఆ పూటే ఫోన్ చేసేసింది.

బుధవారం పదకొండు కావస్తుండగా కనెక్షన్ అమ్మాయి వచ్చింది. వీపున సంచి, చేతిలో డ్రిల్లు, ముఖమంతా చెమట. వైరు వీధి తలుపు పైనుంచి లోపలికి వస్తోంది కాబట్టి ముందు గదిలో, చెప్పుల స్టాండు పక్కన మూలగా పెట్టె బిగించేస్తానంది. పిల్ల వెనక గదిలో చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని పనిలో ఉంది.

ఎల్లుండి గారు చెప్పుల స్టాండు దగ్గరికి ఒక్క ఉదుటున వచ్చి మాట్లాడటం మొదలుపెట్టారు. ముప్ఫై ఏళ్ళు తీగలతో బతికిన మనిషి, ఆయనకి ఆగలేదు. చేతులూపారు. గోడల వైపు చూపించారు. మూడు వేళ్ళెత్తారు.

"ఏమంటున్నారండీ?" అంది కనెక్షన్ అమ్మాయి.

"ఎల్లుండి తెలుస్తుందిలే" అంది టైలరమ్మ, కుట్టుమిషన్ మీద నుంచి తలెత్తకుండా. "మూడు వేళ్ళంటే, ముగ్గురికీ పనిచేస్తుందా అని కాబోలు. సున్నం రాలుతుందని బెంగ కూడా ఉంటుంది. నువ్వు కానివ్వమ్మా."

"ఏమనుకోకండి సార్, ఇంకా తొమ్మిది ఇళ్ళున్నాయి" అని ఆ అమ్మాయి డ్రిల్లు ఆన్ చేసింది.

ఎల్లుండి గారు డ్రిల్లు మోతలోనే మాట్లాడుతూ పోయారు. అసలే వినపడని మాటకి ఆ మోత ఒకటి అడ్డం. కాసేపటికి భుజాలు దించుకుని, వంటింట్లోకి వెళ్ళి, ఆ అమ్మాయికి తనే టీ తెచ్చిచ్చారు. పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారంటే టైలరమ్మ "కత్తెర" అంది. పెట్టె మీద పచ్చ దీపాలు వెలిగాయి. అందరూ సంతోషించారు, ఆయన తప్ప.

వెనక గదికి సిగ్నల్ ఒక్క గీత అందింది. అదీ ఉండి ఉండి.

గురువారం పొద్దున ఒక సమావేశంలో మూడుసార్లు లైను తెగింది. మధ్యాహ్నం పిల్ల బట్టలు సర్దుకుంటుంటే టైలరమ్మ వెళ్ళి మంచం మీద కూర్చుంది.

"నిజం చెప్పు. కుదరక వెళ్తున్నావా, వెళ్ళాలనుకుని కుదర్లేదంటున్నావా?"

పిల్ల చున్నీ ఒకటి మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది. "రెండూ అనుకోమ్మా. పన్నెండేళ్ళ నుంచి ఈ ఇంట్లో చుట్టానికి వచ్చినట్టే ఉంది నాకు. ఆయన చెడ్డవారని అనను. నేనున్నా లేకపోయినా ఆయనకి తేడా ఏముంది చెప్పు? వెళ్తానని సోమవారం నుంచీ అంటున్నాను. ఉండమని ఒక్క మాటన్నారా?"

"ఆయన మాట సంగతి నీకు తెలియదా?"

"ఆలస్యంగా అయినా రావాలి కదమ్మా."

తలుపవతల నిలబడ్డ ఎల్లుండి గారికి ఇదంతా వినిపించింది. నోరు తెరిచారు. వేళ్ళ మీద లెక్క వేసుకుని మూసేశారు. ఇప్పుడన్న మాట శనివారానికి గానీ రాదు. పిల్ల శుక్రవారం పదకొండింటికే స్టేషన్‌కి కారు చెప్పుకుంది. ఆయన చొక్కా వేసుకుని, రౌటర్ పెట్టెని ఇంటి మధ్యకి తెచ్చేంత పొడుగు వైరు కోసం బజారు మీద పడ్డారు. నాలుగు దుకాణాలు తిరిగి చీకటి పడే వేళకి ఆ చుట్ట భుజాన వేసుకొచ్చారు.

శుక్రవారం పొద్దున్నే మొదలుపెట్టినా పని తెమల్లేదు. పదకొండు కావస్తుంటే ఆయన ఇంకా నడిమింట్లో, వంటగది గుమ్మం ముందు స్టూలెక్కి, నోట్లో మేకులు పెట్టుకుని ఉన్నారు. ముందు గదిలో టైలరమ్మ మిషన్ తొక్కుతోంది. సూదిలో దారం లేదని ఆమె చూసుకోలేదు. బయట కారు వచ్చి ఆగింది. పిల్ల బట్టల పెట్టె గుమ్మం దగ్గర పెట్టి, స్టాండు ముందు వంగి బూట్లు తీసుకుంది. ఒకటి తొడుక్కుంది.

"ఉండమ్మా, ఉండు. ఎందుకంత తొందర?"

కొంచెం బొంగురు గొంతు, సరిగ్గా తల పైన. పిల్ల రెండో బూటు చేతిలో పట్టుకుని అలాగే వంగి ఉండిపోయింది.

"మూలన పడేస్తే ఎలాగమ్మా? ఇంటి మధ్యలో ఉండాలి. అప్పుడే అందరికీ అందుతుంది."

పిల్ల బూటు కింద పెట్టింది. మెల్లగా లేచి నిలబడింది.

"అబ్బ, ఆ మిషన్ ఒక్క నిమిషం ఆపు తల్లీ!"

టైలరమ్మ టక్కున పాదం తీసేసింది. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. స్టూలు మీద ఎల్లుండి గారి ముఖం మాత్రం మారిపోయింది. బుధవారం తను ఇంకా ఏమేం అన్నారో ఆయనకి ఒక్కొక్కటే గుర్తొస్తోంది. ఆపడానికి ఆయన చేతిలో ఏమీ లేదు.

"ఇక్కడ బిగిస్తే మూడు గోడలు అడ్డమమ్మా. వెనక గదికి చచ్చినా అందదు. ఆ గదిలో మా అమ్మాయి పనిచేసుకుంటుంది."

ఈ మాటలు తనతో అన్నవి కావని, డ్రిల్లు పట్టుకున్న ఆ అమ్మాయితో అన్నవని పిల్లకి అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక కూడా కదల్లేదు. ఎవరితో చెప్పేటప్పుడైనా ఆయన తనని "మా ఆవిడ కూతురు" అనే అనేవారు. హక్కు లేకుండా లాక్కున్నట్టు ఉంటుందేమోనని ఆయన బిడియం. ఆ బిడియం పిల్లకెలా తెలుస్తుంది? పరాయిదాన్నని అంటున్నారనుకుంది, ఇన్నేళ్ళూ.

"సిగ్నల్ రాకపోతే వెళ్ళిపోతానంటోంది. సాకు కోసం చూస్తోందని నాకు తెలుసు. ఆ సాకేదో నువ్వు దాని చేతికివ్వకు తల్లీ, నీకు పుణ్యముంటుంది. అది వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాకేం తోస్తుంది? రోజూ సాయంత్రం దాని గది లైటు వెలిగితే గానీ నాకు టీ తాగబుద్ధి కాదు."

పిల్ల తల తిప్పి తన గది వైపు చూసింది.

"బిగించేశావా? సరేలే. ఏం చేస్తాం. టీ తాగి వెళ్ళు."

అంతే. ఇంకేం రాలేదు. పిల్లకి ఏడుపొచ్చింది. చిన్నపిల్లలా, ముక్కు ఎగబీలుస్తూ ఏడ్చింది. స్టూలు మీద పెద్దమనిషి తల తిప్పి గోడకేసి చూస్తూ, ఎప్పుడో దిగిపోయిన మేకుని ఇంకా కొడుతూనే ఉన్నారు. బయట కారు హారన్ మోగింది.

టైలరమ్మ లేచి గుమ్మంలోకి వెళ్ళి, "వెళ్ళిరా నాయనా, మా పిల్ల రావట్లేదు" అని చెప్పేసింది. కూతుర్ని అడగలేదు. కూతురూ కాదనలేదు.

పిల్ల ఒక కాలికి బూటుతోనే నడిమింట్లోకి వచ్చింది. ఊగుతున్న స్టూలుని రెండు చేతులా పట్టుకుంది. ఏదో అనాలనుకుంది, మాట ఒక పట్టాన బయటికి రాలేదు. ఈ ఇంట్లో మాట ఆలస్యమయ్యేది ఆయన ఒక్కరికే కాదన్నమాట.

"నాన్నా" అంది చివరికి.

సుత్తి ఆగింది. ఆయన కిందికి చూశారు. పెదవులు కదిలాయి. ఏమన్నారో ఏమో, మేకులు రెండు కిందపడ్డాయి.

"కొంచెం ఎడమకి జరపండి. వంకరగా ఉంది" అంది పిల్ల, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ మధ్యాహ్నానికి వెనక గదిలో గీతలన్నీ నిండాయి. పిల్ల తన పైవాళ్ళకి హాస్టల్లో మంచం వేరేవాళ్ళకిమ్మని రాసేసింది. శనివారం రెండు సమావేశాలు ఒక్క మాట జారకుండా టైపు చేసింది.

ఆదివారం పదిన్నరకే టైలరమ్మ పని కట్టిపెట్టింది. నడిమింట్లో చాప వేసి ముగ్గురూ కూర్చున్నారు. ఎల్లుండి గారు కూర్చోలేక రెండుసార్లు లేచారు. రెండుసార్లూ భార్య చొక్కా పట్టి లాగింది. మొన్న స్టూలు మీద ఏమన్నారు, కాస్త సైగ చేసి చెప్పరాదా అంటే తల అడ్డంగా ఊపి నవ్వేశారు. పిల్ల గోడ గడియారం వైపు చూస్తూ గోళ్ళు కొరుక్కుంది. ఎన్నేళ్ళయిందో ఈ మనిషి మాట కోసం కాచుక్కూర్చుని. అసలు ఎప్పుడైనా కూర్చుందా?

పదకొండూ పదికి, చాపకి కాస్త పైన, స్టూలంత ఎత్తు నుంచి గొంతు వినిపించింది. పెద్ద మాటేం కాదు. ఇంట్లో ఎవరినైనా పిలిస్తే ఎవరైనా పలికే మాటే.

"ఆఁ, చెప్పమ్మా."

పిల్ల తలెత్తి ఆ ఖాళీ వైపు చూసి, ఆనక పక్కనే కూర్చున్న మనిషి వైపు తిరిగింది.

"ఏం లేదు నాన్నా. ఊరికే పిలిచాను."